రావచ్చు

కార్పొరేషన్ కాగితం సాయంత్రం ఐదింటికి అందింది.
ఏడింటికల్లా తెలుగు చెయ్యాలి,
ఆటో మైకులో చదవాలి,
సైదాపేట వంతెన దిగువన, ఆడయారు పక్కన,
మూడు తరాలుగా ఈ మద్రాసు వీధులూడ్చే వాళ్ళ ఇళ్ళ మధ్య.
వాళ్ళకి తమిళం రాక కాదు.
భయం ఇంటి మాటలో చెబితేనే తలకెక్కుతుందని
ఎవరో పై ఆఫీసరు నమ్మకం.

కాగితంలో రెండు గీతలు.
ఒకటి సముద్రంలోంచి తిన్నగా మా మీదికి.
ఇంకోటి మమ్మల్ని ఒరుసుకుంటూ పైకి, నెల్లూరు వైపు.
మొదటి గీత ఇళంపరిది గారిది, రెండోది వసుంధర మేడమ్‌ది.
ఇద్దరికీ ఫోన్ చేశాను.
రెండు రాత్రులుగా ఇద్దరికీ నిద్ర లేదు.
ఎదుటివారి గీత తప్పని ఇద్దరూ అనలేదు.
నా దగ్గరున్న గాలి ఇలా చెబుతోంది, అన్నారు, అంతే.
గీతల కింద ఒక అంకె: నలభై శాతం.
దాని కింద ఒక మాట:
వరలాం.

రావచ్చు, అని రాశాను.
రాసి పెన్ను ఆపేశాను.
ఏం భాష మనది!
గుమ్మం ముందు చెప్పులు విడిచి
లోపలికి రావచ్చా అని అడిగే చుట్టానికీ ఇదే మాట,
నిక్షేపంగా రావచ్చు, కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా.
నీళ్ళు రావచ్చు, నీళ్ళు రావచ్చు అని
నేను మైకులో అరుస్తుంటే
ఏటిని నేనే లోపలికి పిలుస్తున్నట్టు ఉండదూ?

వస్తుంది అంటే అబద్ధం.
రాదు అంటే అంతకన్నా అబద్ధం.
వచ్చినా రావచ్చు, అంటే పెళ్ళిచూపుల వాళ్ళ కబురులా ఉంది.
కొట్టేశాను.

పోయిన కార్తీకంలో వస్తుందనే చదివాను.
బళ్ళు మూశారు, పడవలు తెచ్చి గట్టున బోర్లించారు.
తెల్లారేసరికి ఆకాశం తోమిన గిన్నె.
ఆ ఎండకి ఓబులమ్మ వడియాలు పెట్టింది.
నాకూ ఒక పొట్లం కట్టి ఇచ్చింది,
"తీసుకో, నీ తుపానులో ఎండినవే" అని.
అవి వేయించినప్పుడల్లా
నూనె నన్ను చూసి నవ్వినట్టే ఉండేది.

ఏడున్నరకి మైకు గరగరమంది.
నలభై శాతం అని చదివానో లేదో
పెంచలయ్య చీపురు గోడకానించి అడిగాడు:
"నలభై శాతమంటే మోకాలి దాకానా, నడుం దాకానా?"
ఎవరూ నవ్వలేదు.
వాళ్ళ గోడల మీద పాత వరదల గీతలున్నాయి,
పసుపుతో ఒకటి, బొగ్గుతో ఒకటి,
ఒకటైతే నా భుజం కన్నా పైన.
ఆ గీతల దగ్గర ఎవరికీ పేచీ లేదు.

మైకు కట్టేశాను.
లోతు కాదు మామా, అన్నాను.
ఇలాంటి రాత్రులు పది వస్తే
నాలుగు రాత్రులు ఏరు మన ఇంట్లోకొస్తుంది, ఆరు రాత్రులు రాదు.
ఇది ఆ నాలుగులోదో, ఆరులోదో తెలిసిన మనిషి లేడు.
చదువుకున్నవాళ్ళకే మాట కుదరలేదు.
ఈ ముక్క కాగితంలో లేదు.
చెప్పొచ్చో లేదో ఎవర్నీ అడగలేదు.

కాసేపు కొళాయి చుక్కలు తప్ప చప్పుడు లేదు.
ఓబులమ్మే ముందు కదిలింది.
"నా రెండోదాని కాన్పుకి ఇద్దరు మంత్రసానులొచ్చారు.
ఈ రాత్రే అంది ఒకతి.
రేపు మధ్యాహ్నం దాకా కాదంది ఇంకొకతి.
జుట్లు పట్టుకోవడమే తరువాయి.
వేణ్ణీళ్ళు మాత్రం ఇద్దరూ పెట్టమన్నారు."
రేషన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టి
జాకెట్లో దోపుకుంది.

కొందరు లేచారు.
స్కూలు మేడ మీదికి చాపలు, స్టవ్వులు,
ఒక కుట్టు మిషను, ఒకరి సంకలో కోడి.
పెంచలయ్య కదల్లేదు. "ఆరులో ఉంటాలే" అన్నాడు.
అదీ లెక్కే. నేను చెప్పిన లెక్కే.
కాదనడానికి నా దగ్గర మాట లేదు.
రాత్రంతా అదే కుట్టింది.

రాలేదు.
తెల్లవారుజామున పైకి తిరిగింది.
చాపలు దిగాయి, కుట్టు మిషను దిగింది,
కోడి దానంతటదే దిగింది.
ఎవరూ నా వైపు చూడలేదు, ఓబులమ్మ తప్ప.
"మినప్పప్పు నానబెట్టనా?" అంది.

నవ్వబోయాను.
అప్పటికే పెంచలయ్య గోడ దగ్గర,
సరిగ్గా ఆ బొగ్గు గీతకి ఆనుకుని,
ఫోను చెవికి నొక్కుకుని ఉన్నాడు.
వాళ్ళక్కది కృష్ణపట్నం దాటాక ఒక పల్లె.
మోగుతోంది.
మోగుతోంది.
ఎత్తారు.
"అక్కా" అన్నాడు,
"మోకాలి దాకానా?"